అడగకుండా తీసిన తొమ్మిది సెకన్లు

నాకప్పుడు పదిహేనేళ్ళు. తూర్పు స్లొవాకియాలోని మా యెద్లోవెత్స్ బడిలో తొమ్మిదో తరగతి, ఎ సెక్షన్. జానెటా పెఖోవాదీ తొమ్మిదో తరగతే, కాకపోతే సి సెక్షన్. ఊరివాళ్ళు జిప్సీలని చిన్నచూపు చూసే రోమా కుటుంబాలన్నీ వాగు దాటాక ఉన్న పేటలో ఉండేవి. ఆ పేటను అందరూ ‘వాగవతల’ అనేవారు. వాగవతల పిల్లలందరూ సి సెక్షన్‌లోనే ఉండేవారు. అలా ఉండాలని ఏ కాగితం మీదా రాసి లేదు. ఎందుకలా అని నేనూ ఎవరినీ అడగలేదు.

సి సెక్షన్ వాళ్ళు ఆలస్యంగా వస్తారన్నది ఊరంతటికీ తెలుసు. బడి ఏడూ యాభైకి మొదలైతే వాళ్ళు ఎనిమిదిన్నరకి, ఒక్కోసారి తొమ్మిదికి తలుపు తోసుకుని వచ్చేవారు. “వాళ్ళకి గడియారంతో పనేంటే?” అనేది మా అమ్మ. అమ్మ ఊళ్ళో మందుల షాపులో పని చేసేది. మంచి మనిషే, కాని ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో కోపం కూడా ఉండేది కాదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పేది.

జనవరిలో ఒకరోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎనిమిది దాటాక వాగు పక్క దారిలో బడికి వెళ్తున్నాను. వంతెన అవతల మంచులో పొడుగాటి వరుస కనిపించింది. ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ. అందరి చేతుల్లోనూ బకెట్లు, డబ్బాలు. వరుస చివర ఒక రేకు పెట్టెలో కుళాయి. నాలుగు వందల మందికి అదొక్కటే. మునిసిపాలిటీ ఉద్యోగి ఏడున్నరకి వచ్చి పెట్టె తాళం తీసేవాడు, తొమ్మిదికి వేసేవాడు. మళ్ళీ సాయంత్రం ఒక గంట. ఆ వరుసలో జానెటా ఉంది. చొక్కా చేతులు తడిసి, ఆ తడి గడ్డకట్టి అట్టల్లా అయిపోయాయి.

“ఏంటలా చూస్తున్నావ్? నీళ్ళెప్పుడూ చూళ్ళేదా?” అంది.

“బడి మొదలైపోయింది కదా...”

“నీళ్ళూ ఇప్పుడే మొదలయ్యాయి. రెండిట్లో ఏది మానెయ్యమంటావో చెప్పు.”

నేను గబగబా బడికి వెళ్ళిపోయాను. కాని ఆ రోజంతా ఆ చొక్కా చేతులే కళ్ళ ముందు కనిపించాయి.

ఆ నెలలోనే కోషిత్సే నగరం నుంచి ఒక సంస్థవాళ్ళు మా బడికి వచ్చారు. ఊరి సమస్యలు పిల్లలే పట్టుకుని, పిల్లలే పరిష్కరించడం నేర్పిస్తామన్నారు. శిక్షణ ఇచ్చే సిమోనాకి పాతికేళ్ళు కూడా ఉండవు. పొట్టి జుట్టు, చెవికి మూడు రింగులు, నవ్వితే మనమూ నవ్వాలనిపించే మొహం. “పెద్దవాళ్ళ కోసం ఎదురుచూడకండి. మీ ఊరు మీరే మార్చుకోండి,” అంది. నాకు ఒళ్ళు పులకరించింది. మేం పన్నెండు మందిమి. అందరం ఎ, బి సెక్షన్లవాళ్ళమే.

“మిగతా సెక్షన్ నుంచి ఎవరూ లేరేం?” అని సిమోనా అడిగింది.

“పిలిచామండీ, ఆసక్తి చూపించలేదు,” అన్నారు హెడ్‌మాస్టరు గారు.

వాళ్ళని పిలవలేదు. నోటీసు ఎ, బి సెక్షన్లలోనే చదివారు, నాకు తెలుసు. నేను ముందు వరుసలో కూర్చుని నా కొత్త నోట్‌బుక్కు మీద పేరు రాసుకుంటున్నాను: బ్రోన్యా హుద్యాకోవా, జట్టు నాయకురాలు.

నేను ఎంచుకున్న సమస్య వాగవతల కుళాయి. ఐదు నిమిషాల సినిమా తీసి, సాంస్కృతిక భవనంలో ఊరివాళ్ళందరికీ చూపించి, కుళాయి వేళలు మార్పించాలి. సిమోనా నన్ను కౌగలించుకుంది. జానెటాని అడిగితే కాసేపు ఆలోచించింది.

“దీనివల్ల కుళాయి పెందలాడే తెరుస్తారా?”

“తెరుస్తారు. తెరిపిస్తాం.”

“సరే, రా. కుళాయి తియ్యి, వీధి తియ్యి, కావాలంటే నన్ను తియ్యి. ఇంట్లో మాత్రం వద్దు. మా అమ్మకి నచ్చదు.”

“అలాగే,” అన్నాను.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. వరుసంతా తీశాను. రెండు బకెట్లు మోస్తూ మంచు మీద జారిపోయిన ముసలాయన్ని తీశాను. జానెటా కెమెరాకేసి చూస్తూ, తడుముకోకుండా, “మా తరగతిలో ఇరవై ఆరుమందిమి. మొదటి గంట పాఠం ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తెలీదు,” అంది. నేను ఎన్ని రోజులు ఆలోచించినా అలాంటి మాట రాయలేకపోయేదాన్ని.

తర్వాత వాళ్ళింటికి తీసుకెళ్ళింది. గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, “కాఫీ తాగి వెళ్ళు. పంచదార అయిపోయింది, పక్కింట్లో అడిగి తెస్తా,” అని పరిగెత్తింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల వాళ్ళమ్మ ఇరేనా పిన్ని లోపలి గౌనుతో నేల మీద మోకాళ్ళేసుకుని, జుట్టు విరబోసుకుని, జానెటా చెల్లెలు నాలుగేళ్ళ నేలాకి తల రుద్దుతోంది. బట్టలు జాడించిన నీళ్ళవి, బూడిద రంగులో ఉన్నాయి. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. కిటికీలోంచి వెలుగు సరిగ్గా వాళ్ళ మీదే పడుతోంది.

ఫోను నా చేతిలోనే ఉంది. తొమ్మిది సెకన్లు తీశాను. పంచదార పొట్లంతో జానెటా తిరిగొచ్చేసరికి ఫోను జేబులో పెట్టుకుని వాగు కేసి చూస్తున్నాను. కాఫీ తాగాను. బాగుందని కూడా చెప్పాను.

సినిమా కూర్చేటప్పుడు సిమోనా ఆ తొమ్మిది సెకన్లూ చూసి కుర్చీలోంచి లేచింది.

“బ్రోన్యా, ఇది ఉంటే ఇంకేమీ అక్కర్లేదు! అనుమతి తీసుకున్నావుగా?”

“తీసుకున్నా.”

ఆ ఒక్క మాట అనడానికి నాకు ఏమాత్రం కష్టం కాలేదు. వాళ్ళ మంచికోసమే కదా అనుకున్నాను. నిజానికి ఆ క్షణంలో వాళ్ళు నా మనసులో లేనే లేరు. సిమోనా మొహంలోని మెరుపే నాకు కావలసింది.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. మేయరు కొలెసార్ గారు ముందు వరుసలో కూర్చున్నారు. జానెటా వాళ్ళమ్మని తీసుకొచ్చింది. ఇరేనా పిన్ని ఊదారంగు శాలువా కప్పుకుని, చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే మడమల బూట్లు వేసుకుంది. నన్ను చూసి తల ఊపి పలకరించింది.

మూడో నిమిషంలో ఆ దృశ్యం వచ్చింది. గోడంత పెద్దదిగా. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు, “ఆ నీళ్ళతోనే సూపు కూడా కాస్తారేమోరా!” అంది. నలుగురైదుగురు నవ్వారు. ఆ గొంతు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా మిలాన్ మావయ్యది.

ఇరేనా పిన్ని లేచింది. తల తిప్పకుండా, తొందరపడకుండా, రెండు వరుసల మధ్యగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. చెక్క నేల మీద ఆ బూట్ల చప్పుడు తలుపుదాకా వినిపించింది. జానెటా మాత్రం కదల్లేదు. సినిమా అయ్యేదాకా కూర్చుని, దీపాలు వెలిగాక నాకేసి చూసింది. నేను చప్పట్లు కొడుతున్నవాళ్ళ కేసి తిరిగాను.

ఆ సంస్థ పెట్టిన పోటీలో మాకు జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. మేయరు గారు నా భుజం మీద చెయ్యేసి ఫోటో దిగారు. “ఇలాంటి యువ నాయకులే ఊరికి కావాలి,” అన్నారు. వేసవిలో రాజధాని బ్రాటిస్లావాలో వారం రోజుల యువ నాయకుల శిబిరానికి నన్ను ఎంపిక చేశారు. కుళాయి సంగతి పరిశీలిస్తామన్నారు. కుళాయి మాత్రం ఎప్పట్లాగే ఏడున్నరకే తెరుచుకునేది.

రెండు వారాల తర్వాత భోజనాల దగ్గర అమ్మ అంది: “మీ సినిమాలో ఆవిడ ఇవాళ షాపుకొచ్చిందే. పేల మందు కావాలంది. పిల్లల సంక్షేమ శాఖవాళ్ళు ఇంటికొచ్చి రాసిచ్చి వెళ్ళారట. చంకలో ఉన్న పిల్ల తల నేనే చూశాను. ఒక్క పేనూ లేదు, నీ జుట్టులా శుభ్రంగా ఉంది.”

“సంక్షేమ శాఖవాళ్ళు ఎందుకొచ్చారు?”

“సినిమా చూసేగా. మళ్ళీ వస్తామన్నారట. ఇల్లిలాగే ఉంటే పిల్లని తీసుకెళ్తామన్నారట.” అమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా నాకేసి చూసింది. “ఆవిడ మందు తీసుకుని ‘థాంక్సండీ’ అంది. నేను మీ అమ్మనని ఆవిడకి తెలుసే.”

మర్నాడు బడి అయ్యాక వాగు దాటాను. తలుపు జానెటా తీసింది. లోపల నేలా దేనికో ఏడుస్తోంది. “ఎవరే?” అని ఇరేనా పిన్ని అడిగింది. “ఎవరూ లేరమ్మా,” అని జానెటా తలుపు వెనక్కి లాక్కుని బయటికొచ్చింది.

“జానెటా, నాకు తెలీదు... ఇలా అవుతుందని అనుకోలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది.”

“ఉండాలి.”

“మీ అమ్మగారికి చెప్పాలని వచ్చా. క్షమించమని—”

“ఎందుకు? అమ్మ ‘పర్లేదమ్మా’ అంటే ఇంటికెళ్ళి హాయిగా పడుకోవడానికా?” ఆమె గొంతు పెంచలేదు. “నిన్న మందు కోసం తప్ప అమ్మ వారం నుంచి గడప దాటలేదు. కుళాయి దగ్గర కూడా అందరూ ఆ గౌను గురించే మాట్లాడుకుంటున్నారు. మా వాళ్ళే. నీకు కాఫీ పెట్టానని నన్ను తిడుతున్నారు. నీ సిగ్గు నువ్వు మోసుకో బ్రోన్యా. మాకు మొయ్యడానికి బకెట్లున్నాయి.”

తలుపు వేసేసింది. నేను వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఎవరైనా చూస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆ సంగతి నాకే తెలిసిపోయి ఏడుపు ఆపేశాను.

తర్వాతి సోమవారం ఏడూ నలభైకి బడి గుమ్మం దగ్గర సి సెక్షన్ పిల్లలు కనిపించారు. అందరూ వచ్చారు. ఒకటో తరగతి పిల్లల దగ్గర్నుంచి తొమ్మిదో తరగతి దాకా, వాగవతల పిల్లలందరూ ఖాళీ బకెట్లతో వచ్చారు. నడవాలో కోట్లు తగిలించే కొక్కేల కింద బకెట్లని వరుసగా పెట్టి, గంట కొట్టేసరికి ఎవరి తరగతుల్లో వాళ్ళు కూర్చున్నారు. బడి వదలగానే మరుగుదొడ్ల దగ్గర కుళాయిల్లో నీళ్ళు పట్టుకుని, చిన్నవాళ్ళ బకెట్లు పెద్దవాళ్ళు అందుకుని, వరుసగా ఇళ్ళకి వెళ్ళారు. మంగళవారమూ అంతే. బుధవారం కూడా.

ఊరు అట్టుడికిపోయింది. నడవా తడిసి మా పిల్లలు జారి పడుతున్నారని తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. హెడ్‌మాస్టరు గారు మైకులో, “ఇది ఎవరి పని?” అని అడిగారు. జానెటా తనంతట తనే ఆఫీసుకి వెళ్ళింది.

“నాది సార్. మీరేగా ఆలస్యంగా రావద్దన్నారు. ఆలస్యంగా రావట్లేదు.”

“బడి నీళ్ళు దొంగిలిస్తావా?”

“మునిసిపాలిటీ నీళ్ళే సార్. అక్కడా అవే, ఇక్కడా అవే. ఇక్కడ తాళం లేదు.”

బకెట్లు మళ్ళీ కనిపిస్తే ప్రవర్తనకి తక్కువ మార్కు వేస్తామన్నారు. తొమ్మిదో తరగతిలో ఆ మార్కు పడితే పై చదువుకి ఏ మంచి బడీ తీసుకోదు. గురువారం నడవాలో మళ్ళీ బకెట్లు కనిపించాయి.

ఆ మధ్యాహ్నం హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిపించారు. బల్ల మీద ఒక కాగితం ఉంది. బకెట్ల గొడవకీ మా యువ నాయకత్వ బృందానికీ సంబంధం లేదని, సమస్యలు ఇలా కాక పద్ధతిగా పరిష్కరించుకోవాలని బృందం అభిప్రాయమని రాసి ఉంది.

“ఊరికే ఒక సంతకం, అంతే. శిబిరానికి వెళ్ళేవాళ్ళ పేర్లు వచ్చే వారం పంపాలి. నీ పేరు విషయంలో ఏ ఇబ్బందీ రాకూడదని నా తాపత్రయం,” అన్నారు. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది.

కిటికీలోంచి సి సెక్షన్ పిల్లలు కనిపిస్తున్నారు. ఒక పొడుగాటి అమ్మాయి తన బకెట్టు కాక ఇంకో చిన్నపిల్ల బకెట్టు కూడా మోస్తోంది. నేను సంతకం పెట్టాను. పెట్టి, పెన్నుకి జాగ్రత్తగా మూతపెట్టి ఇచ్చాను. తల కొట్టేసినట్టు అనిపించడం బయటికొచ్చాకే మొదలైంది. ఆ గదిలో ఉన్నంతసేపూ భయం తప్ప ఇంకేమీ లేదు.

వారం తర్వాత సాయంత్రం నాలుగింటికి ఊరి సభ జరిగింది. జానెటా మాట్లాడతానని రాసిచ్చింది. వాగవతల నుంచి ముప్ఫై నలభై మంది పిల్లలు వచ్చి గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఇరేనా పిన్ని రాలేదు. నేను అమ్మ పక్కన, చివరి వరుసలో కూర్చున్నాను.

జానెటా పేరు పిలిచే ముందు మేయరు గారు ఒక కాగితం తీశారు. “ఒక మాట. మన ఊరికి బహుమతి తెచ్చిన మన బ్రోన్యా కూడా ఈ బకెట్ల వ్యవహారాన్ని సమర్థించట్లేదు. చూడండి, సంతకం. వాళ్ళ కోసం సినిమా తీసిన అమ్మాయే ఇలా అంటుంటే, ఇక మనం వినాల్సిందేముంది?”

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. చెవులు కాలిపోతున్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కూర్చోమనో, లెమ్మనో ఇప్పటికీ నాకు తెలియదు. లేచాను.

“ఆ కాగితం నేను రాయలేదు. సంతకం మాత్రం నాదే. శిబిరానికి పంపరేమోనని భయపడి పెట్టాను,” అన్నాను. “సినిమాలో ఇంటి లోపలిది... దానికి అనుమతి లేదు. వద్దని జానెటా ముందే చెప్పింది. దొంగచాటుగా తీశాను. అనుమతి ఉందని అబద్ధం చెప్పాను. వాళ్ళింటికి సంక్షేమ శాఖవాళ్ళు వచ్చింది నా మూలంగానే. ఆ నీళ్ళు అలా ఉన్నది వాళ్ళ తప్పు కాదు, కుళాయికి తాళం వేసినవాళ్ళది. నేను...”

ఇంకా ఏదో చెప్పబోయాను. నేను ఎంత చెడ్డగా ప్రవర్తించానో, ఎంత బాధపడుతున్నానో చెప్పాలని మాటలు తన్నుకొస్తున్నాయి. అప్పుడు జానెటా లేచింది.

“నీ సంగతి అయిందా?”

“అయింది,” అన్నాను.

“అయితే కూర్చో. మాది ఇంకా మొదలవలేదు.”

హాల్లో నవ్వులు వినిపించాయి. నేను కూర్చున్నాను. జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. అయినా ఆమె అన్నది నిజం. అక్కడ కూడా వాళ్ళ సమయాన్ని నేనే వాడేసుకున్నాను.

జానెటా ఆరు నిమిషాలు మాట్లాడింది. ఆమె చేతిలో ఏ కాగితమూ లేదు. బ్రతిమాలలేదు, ఎవరినీ తిట్టలేదు. కుళాయి తాళం చెవి ఎవరి దగ్గరుందో, ఆయన పని ఏడున్నరకి ఎందుకు మొదలవుతుందో, ఐదున్నరకి మొదలవడానికి మునిసిపాలిటీ ఏ ఒక్క నిబంధన మార్చాలో చెప్పింది. తర్వాత గోడ వారనున్న చిన్నపిల్లల కేసి చూపించి, “వీళ్ళలో ఎవరినైనా అడగండి, మొదటి గంటలో ఏం నేర్చుకున్నారో. ఈ పది రోజుల్లో నేర్చుకున్నది చెప్తారు,” అంది. వెనక నుంచి మిలాన్ మావయ్య ఏదో గొణిగాడు. “ఏంటి బాబాయ్, గట్టిగా అనండి, అందరం వింటాం,” అంది జానెటా. మావయ్య కిటికీ కేసి తిరిగిపోయాడు.

ఆ రోజు సభవాళ్ళు ఏమీ తేల్చలేదు, వాయిదా వేశారు. ఇంకో నాలుగు వారాలు బకెట్లు బడికి వస్తూనే ఉన్నాయి. చివరికి మార్చి నెలాఖరున కుళాయి ఐదున్నరకి తెరవడం మొదలుపెట్టారు. జానెటాకి ప్రవర్తనలో తక్కువ మార్కు పడనే పడింది. అనుకున్న నర్సింగు బడిలో సీటు రాలేదు. కుట్టుపని నేర్పే బడిలో చేరింది.

నేను అమ్మతో కలిసి సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్ళి, దొంగచాటుగా తీసిన సంగతి కాగితం మీద రాసిచ్చాను. అమ్మ కూడా పిల్ల తల తను చూశానని, శుభ్రంగా ఉందని రాసి సంతకం పెట్టింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. సిమోనాకి ఫోను చేసి నిజం చెప్పాను. “నేను కూడా సరిగ్గా అడగలేదు. అడగాలనిపించలేదు, అదీ నిజం,” అంది. బహుమతి వెనక్కి తీసుకున్నారు, ఇంటర్నెట్‌లో పెట్టిన సినిమాని తొలగించారు. కాని అప్పటికే ఎవరెవరి ఫోన్లలోనో ఆ తొమ్మిది సెకన్లు చేరిపోయాయి. రెండేళ్ళ తర్వాత కూడా, వెటకారపు రాతలతో, మా ఊరి పేరుతో తిరుగుతుంటే చూశాను. ఫిర్యాదు చేస్తే పోయేది, ఇంకోచోట మళ్ళీ పుట్టేది.

ఇదంతా జరిగి పదకొండేళ్ళయింది. ఇప్పుడు వాగవతల ప్రతి వీధిలోనూ కుళాయి ఉంది. బడిలో సి సెక్షన్ లేదు. అది పోవడానికి ఐదేళ్ళు పట్టింది, ఆ కథ జానెటాది, ఆమే చెప్పాలి. క్రితంసారి ఎన్నికల్లో ఊరి సభకి నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పేటలోని చెక్క షెడ్డులో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. ఈమధ్య వాళ్ళు పేటదాకా బస్సు రావాలని పోరాడుతున్నారు. మేం స్నేహితులం కాలేదు. దారిలో కనిపిస్తే పలకరించుకుంటాం.

నేనిప్పుడు బడి ఆఫీసులో గుమాస్తాని. పోయిన అక్టోబరులో జానెటా ఫోను చేసింది.

“బస్సు దరఖాస్తుకి నూట నలభై మంది పేర్లు తప్పుల్లేకుండా రాయాలి. నీ రాత బాగుంటుందిగా. వస్తావా?”

“వస్తా.”

“ఫోను ఇంట్లో పెట్టేసి రా.” నవ్విందో లేదో గొంతును బట్టి తెలియలేదు.

ఇంట్లో పెట్టేసే వెళ్ళాను. మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఇంట్లో వాళ్ళ పేర్లు చెప్తున్నారు, నేను రాస్తున్నాను. అరగంటయ్యాక తలుపు తెరుచుకుంది. ఇరేనా పిన్ని పిల్లల కోసం రొట్టెల పళ్ళెంతో లోపలికొచ్చింది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. నేను లేచి నిలబడి నమస్కారం చెప్పాను. ఆవిడ నన్ను చూసింది. పళ్ళెం కిటికీలో పెట్టేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది.

పిల్లలు నాకేసీ తలుపు కేసీ చూస్తున్నారు. ఎందుకలా అని వాళ్ళలో ఒకమ్మాయి అడగబోయింది.

“అది నేను చెప్తాలే, ముందిది కానివ్వండి,” అంది జానెటా. నాకేసి తిరిగి, “తర్వాతి పేరు రాయి,” అంది.

నేను కూర్చుని రాశాను.